పేరు కింద ఒక్క ముక్క

ధర్మవరం నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆమె పోయిన కబురు అంతకు ముందే వచ్చింది. మట్టికి వెళ్లి కూడా వచ్చాను. ఇంక ఆ ఇంటి నుంచి ఫోన్ ఎందుకు వస్తుందిలే అనుకుంటున్న రోజుల్లో వచ్చిన ఫోన్ అది.

"అన్నా, ఫ్లెక్సీ షాపు కాడ ఉండా. దివసాలకు వీధి మొగదాల బ్యానరు కట్టాల గదా. ఫోటో ఇచ్చినా, పేరు ఇచ్చినా. పేరు కింద అక్క సదువు ఒక్క ముక్కలో ఏస్తామంటాండారు. ఏం ఏయమంటావో జల్దీ చెప్పు."

"ఒక్క ముక్కలోనా?"

"ఊ. యం.ఏ. అని ఏస్తే సాలునా, లాయరు అని గూడా ఏయాల్నా?"

"లాయరు కాదప్పా. లా సగంలో ఇడిసిపెట్టింది."

"సగంలో ఇడిసిపెట్టినేటివి బ్యానరు మీద ఎట్లేస్తారన్నా?" అన్నాడు ఆ అబ్బాయి. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

నేను మొదలుపెట్టి ఆమె చదువులన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. కాసేపటికి షాపతను ఫోన్ తీసుకున్నాడు. "సార్, ఇది శ్రద్ధాంజలి బ్యానరు సార్, అడ్మిషన్ల బ్యానరు కాదు. ఫోటో ఇంత పెద్దది పెడితిమి, దండ ఏస్తిమి, రెండు పక్కలా దీపాలు పెడితిమి. కింద ఒక్క లైను ఉండాది. అంతే." నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. ఎదురు కుర్చీలో కూర్చున్న మేడం ఏమైంది సార్ అని అడిగితే ఏమీ లేదన్నాను.

చివరికి ఎం.ఏ. అని వేశారు. అబద్ధం కాదు, ఆమె ఎం.ఏ.నే. కాని బతికున్నంత కాలం ఒక్కసారి కూడా ఆమె ఆ రెండక్షరాలతో ఊరుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇక్కడ లైన్లకు కరువు లేదు. ఆమె పేరు మటుకు రాయను. పేరు బ్యానరు మీద ఉంది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆమె నన్ను ఏమప్పా అనేది. మా ఇద్దరికీ అది సరిపోయింది.

నా సంగతి చెప్పుకోవడానికి కప్పు టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. యాడికిలో దూది ఏకి పరుపులు కుట్టే ఇంట్లో పుట్టాను. కామర్సు చదివాను, కామర్సే చెబుతున్నాను. హాబీలు ఏమిటని ఎవరైనా అడిగితే క్రికెట్ అనేవాణ్ణి, అదీ అందరూ అంటారు కాబట్టి. ఇలాంటివాడికి ఆమె పరిచయం కావడమే ఒక విచిత్రం.

అప్పుడు ఇద్దరం గుత్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరాం. మొదటి రోజు ప్రిన్సిపాల్ స్టాఫ్‌నందరినీ కూర్చోబెట్టి, కొత్తవాళ్లు తమ గురించి రెండు ముక్కలు చెప్పండి అన్నారు. నేను లేచి రెండే ముక్కలు చెప్పి కూర్చున్నాను. తర్వాత ఆమె లేచింది. సన్నగా, పొడుగ్గా, నాకంటే నాలుగైదేళ్లు పెద్దదిగా కనిపించింది. మాట మొదలుపెట్టే ముందు కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒకసారి నలిపింది. ముక్కుపొడి పట్టుకున్నట్టుందే అనుకున్నాను.

"నేను ధర్మవరంలో మగ్గమోళ్ల ఇంట్లో పుట్టినా," అని మొదలుపెట్టింది. "ఇంటర్ బైపీసీ. డాక్టరు కావాలనుకున్నా, సీటు రాలేదు. సరే, గడ్డి కాడికి పోయినా. బీయస్సీ బాటనీ. గడ్డి ఏరుకుంటా ఈ గుత్తి కొండే ఎక్కితే బండ మీద ఏందో రాత కనపడె. అదేందో సదవాలని యం.ఏ. హిస్టరీ. అట్లాంటి రాతలు సదువుతా పోతే ఒకదాంట్లో పొలం గట్టు తగాదా ఉండాది. తగాదా ఉండాది గాని, న్యాయం ఎవురి పక్క ఉండిందో రాయలే. అది నన్ను నిద్రపోనియ్యలే. లా కాలేజీలో చేరినా. రెండో ఏడు ఇడిసిపెట్టినా."

అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ గోడ గడియారం వైపు చూశారు. ఆమె ఆగలేదు. "ఇంగ హాబీలు. ఏ ఊరు పోయినా ఆ ఊరి నీళ్లు తాగి రుచి చూస్తా. గడ్డి కంకులు పాత పేపర్లలో పెట్టి అణిచి దాసుకుంటా. ఈత. ఈత పుస్తకంలో సదివి నేర్చుకుంటాండా, నీళ్లలోకి ఇంకా దిగలే. మా తట్టు యాడుండాయి సార్ నీళ్లు?" అని కూర్చుంది. అటెండరు తెచ్చిన టీలు అప్పటికే మీగడ కట్టాయి.

ఆ తర్వాత ఆ పరిచయం ఎన్నిసార్లు విన్నానో. ఒక్క ముక్క కూడా తీసెయ్యదు. కాకపోతే ప్రతిసారీ కొత్తగా చెప్పేది. చదువు పూర్తయిన చోట ఎంత గొంతు ఉంటుందో, సీటు రాలేదు, ఇడిసిపెట్టినా అన్న చోట కూడా అంతే గొంతు. మనం అట్లాంటి మాటలు నోట్లోనే కొరికేస్తాం, లేదంటే ఒక నవ్వు తగిలించి దాటేస్తాం. ఆమె దాటదు. ఒకసారి ఎవరో సంబంధం తెచ్చారట. పిల్లవాడి తల్లి మర్యాదకు అమ్మాయి ఏం చదివింది అని అడిగితే ఈమె మొదలుపెట్టింది. పొలం గట్టు తగాదా దాకా వచ్చేసరికి కాఫీ తాగకుండానే లేచిపోయినారని ఆమే నాకు చెప్పింది. చెప్పి, "పాపం, కాఫీ బాగుండె ఆ పొద్దు," అంది.

క్లాసులో ఆమె చేసే పని ఇంకొకటి ఉండేది. కొత్త బ్యాచ్ రాగానే మొదటి పీరియడ్ అంతా తన పరిచయంతోనే సరి. అది అయ్యాక పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి, పేరూ ఊరూ అడిగాక, "నువ్వేం ఇడిసిపెట్టి ఈడికొచ్చినావు?" అని అడిగేది. ఏం చదువుతావు, ఏమవుతావు అని అడిగేవాళ్లను చూసిన పిల్లలకు ఆ ప్రశ్న కొత్త. విడపనకల్లు పిల్లవాడొకడు, "కబడ్డీ మేడం," అన్నాడు. మోకాలు పోయిందట. ఇంకో అమ్మాయి లేచి, "నేనేం ఇడిసిపెట్టలే మేడం, నన్నే మాన్పించినారు. మళ్లా కొట్లాడి వచ్చినా," అంది. ఆ పిల్ల కొట్లాట ఆ గంటలోనే క్లాసంతటికీ తెలిసింది. అప్పటి నుంచి ఆ పిల్ల వెనక బెంచీలో కూర్చోవడం మానేసింది. పక్క గదిలో నేను డెబిట్లూ క్రెడిట్లూ చెబుతూ ఇవన్నీ వింటూ ఉండేవాణ్ణి. మధ్య గోడ పైకప్పు దాకా లేదు ఆ కాలేజీలో.

ఒక వేసవిలో పిల్లల్ని తీసుకుని ఒక పల్లెలో క్యాంపు పెట్టాం. చెట్ల గుంతలు తవ్వించడం మా పని. ఆమె మటుకు పొద్దున్నే ఒక ఇంటి ముందర ఆగి నీళ్లడిగింది. ఆ ఇంటావిడ లోపలికి పోయి క్యాన్ నీళ్లు తెచ్చింది. "ఇవి వద్దు తల్లీ, మీ బోరు నీళ్లియ్యి," అంది అక్క. ఆవిడ వింతగా చూసి, చెంబుతో బోరు నీళ్లు తెచ్చి ఇచ్చింది. అక్క ఒక గుక్క నోట్లో పెట్టుకుని కాసేపు ఉంచి మింగింది.

"సౌడు నీళ్లు. ఈటితో పప్పు ఉడకదు గదా?"

"యాడ ఉడుకుతాది. క్యాన్ నీళ్లు పోసి ఉడికిస్తాం," అంది ఆవిడ. "ఇంతకూ ఎవురమ్మా నువ్వు?"

అంతే. అడగకూడని మాట అడిగింది. అక్క అరుగు మీద కూర్చుని ధర్మవరం నుంచి మొదలుపెట్టింది. నేను గుంతల దగ్గరికి పోయి, పని చూసి, తిరిగి వచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. కాని ఇప్పుడు మాట్లాడుతున్నది ఆ ఇంటావిడ. ఏడో తరగతిలో తను ఎట్లా పాడేదో, పాట ఎందుకు మానేసిందో చెబుతోంది. ఎవరూ అడగకపోతే ఆ సంగతి తనకు కూడా గుర్తుండేది కాదేమో. మేము వచ్చేటప్పుడు ఆవిడ గడప దాటి వీధిలోకి వచ్చి నిలబడింది.

దారిలో నేను విసుక్కున్నాను. "ఏందక్కా, అంతసేపు? పిల్లల్ని నా నెత్తిన ఏసి పోతివే."

"అప్పా, ఆ క్యాన్ నీళ్లు తాగి చూసినావా ఎప్పుడన్నా? అన్ని ఊర్లల్లో ఒకటే రుచి. ఏ ఊర్లో ఉండామో తెలీదు," అంది. నా ప్రశ్నకు అదేం జవాబో నాకు అర్థం కాలేదు. ఆమెతో ఇదే గొడవ, మనం ఒకటి అడిగితే ఆమె ఇంకొకటి చెబుతుంది.

మా ఇంట్లో పెళ్లికి చీరలు కావాలని ఒకసారి నేనూ మా ఆవిడా ధర్మవరం వెళ్లాం. వాళ్ల ఇంటికే వెళ్లాం. ముందు గదిలో మగ్గం గుంట, గుంట పక్కన నేల మీద అక్కా, వాళ్లమ్మా ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి అక్క లేవలేదు. "కూర్చోండి, చెయ్యి ఖాళీ లేదు," అంది. చిన్న గిన్నెలో బూడిద, ఆమె ముందర పట్టు పోగుల కట్ట.

ఆ పని చూస్తూ కూర్చున్నాం. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేయడం అయిపోతే, దాన్ని పూర్తిగా కోసి తీసెయ్యరు. దువ్వెన పళ్లలాంటి అచ్చులో దూరి ఉన్న మూరెడు పాత పోగుల్ని అట్లాగే వదిలి, వాటి కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే పట్టుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని, బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపి పేనుతారు. ముడి కనపడదు. అంతా అతికాక మెల్లగా లాగితే పాతదాని వెంబడి కొత్తది అచ్చులోకి వస్తుంది. పాతది మొత్తం తీసేస్తే ప్రతి పోగునూ మళ్లీ మొదటి నుంచి అచ్చుకు ఎక్కించుకోవాలి. అట్లా ఎవరూ చెయ్యరని వాళ్లమ్మ చెప్పింది. అక్క మాట మొదలుపెట్టే ముందు వేళ్లు ఎందుకు నలుపుతుందో నాకు అప్పుడు తెలిసింది. ముక్కుపొడి అనుకున్నందుకు లోపల్లోపలే నవ్వుకున్నాను.

"పనిమంతురాలే ఇది," అంది వాళ్లమ్మ మా ఆవిడతో. "ఈడ కూర్చుంటే సూర్యుడు మునిగేదాకా లేవదు. కాని ఏం లాభం తల్లీ, దీనికి సదువులు గూడా ఇట్లే అతుక్కుంటా పోవడమే పనై పాయె. సీర ఎప్పుడు నేస్తావే అంటే పలకదు."

అక్క తల ఎత్తకుండా, "నేస్తాండా గదమ్మా," అంది. ఆ మాటలో కోపం లేదు. కాని మా ఆవిడ ఇంటికి వచ్చాక, ఆ ఇంట్లో చీరలకంటే నీ అక్క ముఖమే నాకు గుర్తుందని అంది.

అసలు సంగతికి వస్తాను. అనంతపురంలో ఒక పెద్ద కాలేజీలో పర్మనెంటు పోస్టులు పడ్డాయి. కామర్సు ఒకటి, హిస్టరీ ఒకటి. ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ. గుత్తిలో ఆమె హిస్టరీ చెప్పినట్టు ఆ జిల్లాలో ఎవరూ చెప్పరని నాకు తెలుసు. పిల్లలతో కొండెక్కి, బండ మీద రాతను వేలితో తడిమి చూపించి, ఆ రాత కింద మొలిచిన గడ్డి పేరూ చెప్పి దింపేది. ఆ పోస్టు ఆమెకు రాకపోతే ఇంకెవరికి రావాలి? నాకున్న భయమల్లా ఒక్కటే. లోపలికి పోగానే వాళ్లు అడిగే మొదటి మాట, మీ గురించి చెప్పండి.

పొద్దున బస్సులో ఆమె పక్కనే కూర్చుని పాఠం మొదలుపెట్టాను. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. బైపీసీ ఎత్తొద్దు. లా ఎత్తొద్దు. నీళ్లు, ఈత, గడ్డి ఏవీ వద్దు. బీయస్సీ, తర్వాత యం.ఏ. హిస్టరీ, ఇన్నేండ్లు పాఠం చెప్పినా, అంతే. ఆడ ఆపెయ్యి."

"సరే," అంది. నాకు ఆశ్చర్యమేసింది. కిటికీ వైపు తిరిగి, నేను చెప్పినట్టే ఒకసారి చెప్పుకుంది. చక్కగా, పొందికగా ఉంది. తర్వాత నా వైపు తిరిగి, "ఈయమ్మ ఎవురప్పా? నాకు తెలీదే," అంది. వేళాకోళమేమో అనుకుని ముఖం చూశాను. కాదు. ఆమె ముఖంలో దిగులుంది.

నా ఇంటర్వ్యూ ముందే అయిపోయింది. ఆమెను పిలిచినప్పుడు నేను బయట బెంచీ మీద ఉన్నాను. తలుపుకు కర్టెన్ మాత్రమే ఉంది. మాటలు బాగా వినపడుతున్నాయి. మీ గురించి చెప్పండి అన్నారు. ఆ నిమిషంలో నేను మనసులోనే ఎన్ని మొక్కుకున్నానో. ఆ తర్వాత, "నేను ధర్మవరంలో మగ్గమోళ్ల ఇంట్లో పుట్టినా సార్," అన్న గొంతు వచ్చింది. నేను తల పట్టుకున్నాను.

అంతా విన్నాక లోపలి పెద్దాయన నెమ్మదిగానే అన్నాడు. "మీకు స్థిరత్వం లేదే అమ్మా. రేపు ఈ హిస్టరీని కూడా వదిలేయరని మాకేం నమ్మకం?"

"వదిలేస్తే చెప్తా సార్. చెప్పకుండా వదిలెయ్యను."

ఎవరో నవ్వారు. ఆమె మళ్లీ అంది. "మా ఇండ్లల్లో పడుగు ఐపోతే పాతది కోసి పారెయ్యం సార్. దాని కొసలకే కొత్తది అతుకుతాం. నేను చేసింది అంతే. నేనేమీ పారెయ్యలే."

"ఇది ఇంటర్వ్యూ అమ్మా, మగ్గం కాదు," అంది ఇంకో గొంతు. కర్టెన్ తొలగించుకుని ఆమె బయటకు వచ్చింది. ముఖం తేటగా ఉంది. "అంతా చెప్తి," అంది, పని చక్కగా ముగించుకుని వచ్చిన మనిషిలాగా.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆమె నిద్రపోతోందేమో అనుకున్నాను. పామిడి దాటాక కళ్లు మూసుకునే అంది. "ఆ పోస్టు నాకు కావాల్సిండె అప్పా. సానా కావాల్సిండె. ఇంట్లో అమ్మ చూపు తగ్గిపాయె, పోగు కనపడదు. నాకు గూడా ఒక నీడపట్టున కూర్చోవాలని ఉండదా?"

నాకు ఉక్రోషం ఆగలేదు. "మరి నేను చెప్పినట్టు చెప్పింటే వచ్చేది గదా!"

"వచ్చేది. ఆ యమ్మకు వచ్చేది. నాకెట్లొస్తాది?" అంది. కళ్లు మటుకు తెరవలేదు. ఆ పోస్టు ఆమెకు రాలేదు. నాకు కామర్సులో వచ్చింది, అనంతపురం కాపురం మార్చాను. ఆమె గుత్తిలోనే, ఏటేటా కొనసాగించే ఉద్యోగంలో ఉండిపోయింది. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి మా ఇంటికి స్వీటు తెచ్చింది ఆమే.

తర్వాత కొన్నేళ్లకు వానలు పడ్డాయి. మా తట్టు ముసలివాళ్లు కూడా వింతగా చెప్పుకునేంత వానలు. ఎండిపోయి ముళ్లకంప మొలిచిన కుంటలన్నీ నిండాయి. ఒక శనివారం ఫోన్ చేసింది. "ఏమప్పా, మా ఊరి కుంట నిండింది. రేపు పొద్దున రా. ఒక్కదాన్నే అంటే అమ్మ పోనియ్యదు."

నాకు ఈత రాదు. అయినా వెళ్లాను. ఆమె చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు గట్టిగా బిగించుకుని గట్టు మీద నిలబడి ఉంది. అవతల బట్టలుతుకుతున్న ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. "ఏం తల్లీ, ఈ వయసులో నీకీ పనేంది?" అని ఒకామె కేకేసింది. "పుస్తకంలో నేర్చుకున్నా, సరిగా నేర్చుకున్నానో లేదో చూడాల," అని అక్క తిరిగి కేకేసింది. నడుము లోతు దాకా నడుచుకుంటూ పోయి, వెనక్కి వాలింది. మునిగిపోతుందనుకున్నాను. కాని ఆమె మునగలేదు. చేతులు బారచాపి, చెవులు నీళ్లలో పెట్టి, ఆకాశం చూస్తూ తేలింది. అవతల ఆడవాళ్లు ఈలలు వేశారు. నాకెందుకో ఏడుపొచ్చింది. ఈ నేలలో పుట్టి ఈ నేల మీదే పెరిగిన మనిషి నీళ్ల మీద పడుకుని ఉంది, అంత తీరిగ్గా.

లేచి గట్టుకు వచ్చాక ఊపిరి అందలేదు. చాలాసేపు అట్లాగే వంగి కూర్చుంది. "పుస్తకంలో ఊపిరి సంగతి ఒక్క పేజీనే రాసినారప్పా," అని నవ్వబోయి దగ్గింది. అలవాటు లేని పని కదా అనుకున్నాం ఇద్దరం. అది ఈత వల్ల కాదని తర్వాత తెలిసింది. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడుతున్నాయని డాక్టర్లు అన్నారు. మొదట మెట్లెక్కడం మానింది, తర్వాత కొండ. ఆ తర్వాత పీరియడ్ మధ్యలో కూర్చుని చెప్పడం మొదలైంది. పరిచయం మటుకు తగ్గించలేదట. రెండు పీరియడ్లు పట్టేదని, మేడం ఆగిన చోటల్లా పిల్లలు కిమ్మనకుండా కూర్చునేవాళ్లని నా పాత స్టూడెంటు ఒకడు చెప్పాడు.

చివరిసారి ఆమెను అనంతపురం ఆసుపత్రిలోనే చూశాను. మధ్యాహ్నం. తమ్ముడు భోజనానికి వెళితే మంచం పక్కన నేను కూర్చున్నాను. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. మనిషి సగమైంది. ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది, చదువు ఇంకా ముగిసిందో లేదో అన్నట్టుంది. కేసు షీటు చూసుకుంటూ మర్యాదగా అడిగింది.

"ఏం చేస్తుంటారమ్మా మీరు?"

అక్క మాస్కు కొంచెం పక్కకు జరిపింది. "ఏమీ ల్యా తల్లీ. ఇంట్లోనే ఉంటా."

నేను విన్నది నిజమేనా అని ఆమె వైపు చూశాను. "అదేందక్కా?" అన్నాను.

"అంతా చెప్పేకి ఊపిరి సాలదప్పా," అంది. ఒక్కో మాటకూ ఆగుతోంది. "సగం చెప్పేదానికన్నా ఇదే నయం."

ఇన్నేళ్లు అందరి ముందరా, పోస్టు పోతున్నా కూడా, ఒక్క ముక్క తగ్గించని మనిషి. ఈ మంచం మీద తనను తానే ఏమీ ల్యా అని కొట్టేసుకుంటుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను. "డాక్టరమ్మా, నేను చెప్తా రాసుకో," అన్నాను. "ఈమె మా అక్క. ధర్మవరం మగ్గమోళ్ల ఇంట్లో పుట్టింది. బీయస్సీ బాటనీ సదివింది. గడ్డి ఏరుకుంటా గుత్తి కొండెక్కింది. ఆడ బండ మీద రాత చూసి యం.ఏ. హిస్టరీలో చేరింది..." అట్లా చెప్పుకుంటూ పోతున్నాను. నా గొంతు వార్డంతా వినపడుతోంది, పక్క మంచాలవాళ్లు తిరిగి చూస్తున్నారు. నాకు సిగ్గనిపించలేదు. లా దాకా వచ్చేసరికి నా చొక్కా కొస ఎవరో లాగారు. చూస్తే అక్క.

"మొదలు యాడ పాయె?" అంది.

"ఏ మొదలక్కా?" అన్నాను, తెలియనట్టు.

"బైపీసీ ఎందుకు మింగితివి?"

"డాక్టరమ్మ ముందర అదెందుకులే అని..."

"ఆ పాప ముందరే చెప్పాల," అంది. మాస్కు పూర్తిగా తీసెయ్యబోయింది. డాక్టరమ్మ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "మాస్కు తియ్యొద్దమ్మా. అట్లాగే చెప్పండి, నేనే దగ్గరికి వస్తాను," అని కేసు షీటు మంచం మీద పెట్టేసి, వంగి, ఆ మాస్కుకు చెవి ఆనించినంత దగ్గరగా వచ్చింది.

"డాక్టరు కావాలనుకున్నా తల్లీ," అంది అక్క. ఆగింది. ఊపిరి కూడదీసుకుంది. "సీటు రాలేదు."

ఆ అమ్మాయి లేవలేదు. వేరే మంచం దగ్గర నర్సు పిలుస్తున్నా వంగినది వంగినట్టే ఉంది. "ఆ తర్వాత?" అంది.

మిగతాది నాకు నోటికి వచ్చు. ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పగించగలను. కాని నోరు మెదపలేదు. మాస్కు లోపల ఆవిరి పట్టింది, పోయింది, మళ్లీ పట్టింది. మేమిద్దరం ఎదురుచూశాం.

"సరే అని గడ్డి కాడికి పోయినా," అంది అక్క.